మెస్తా: ఒక చెట్టు కట్టించిన ఊరు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో లైబ్రరీ హాలు దాకా వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

గ్రీసు దీవి అనగానే మనలో చాలామందికి ఒకే బొమ్మ గుర్తొస్తుంది. తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, కింద సముద్రం. సాంతోరిని పోస్టర్లు చూసి చూసి అలా అలవాటైపోయింది. ఈరోజు నేను చెప్పబోయే ఊరు ఆ బొమ్మలో ఇమడదు. అక్కడ గోడలు రాతివి, బూడిద రంగువి. వీధుల్లో ఎక్కడ నిలబడినా సముద్రం కనబడదు. దీవిలో ఉంటూనే తీరానికి ఎడంగా, కొండల మధ్య పల్లంలో, కావాలనే అలా కట్టుకున్న ఊరు. దాని పేరు మెస్తా. దీవి పేరు ఖియోస్.

నిజానికి నేను వెళ్లింది ఊరు చూద్దామని కాదు, ఒక బంక కోసం. హైదరాబాదులో యునానీ మందులు వాడేవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే రూమీ మస్తగీ పేరు వినే ఉంటారు. పాతబస్తీ మూలికల దుకాణాల్లో చిన్న సీసాలో పెట్టి గ్రాముల లెక్కన అమ్ముతారు. లేత పసుపు రంగులో, కంకర పలుకుల్లా ఉంటుంది. కడుపు మందం చేస్తే హకీములు రాసే జవారిష్ మస్తగీలో పడేది అదే. నేను ఉద్యోగ జీవితమంతా అడవి ఉత్పత్తుల చుట్టూ తిరిగినవాణ్ని. ఏ బంక చూసినా ఇది ఏ చెట్టుది, ఎవరు గీస్తారు, వాళ్లకు ఎంత ముడుతుంది అని అడగడం నాకు అలవాటు. మస్తగీ గురించి అడిగితే దుకాణంలో ఎవరూ చెప్పలేకపోయారు. చదువుకుంటూ పోతే దారి నేరుగా ఖియోస్ దక్షిణ భాగానికి, అక్కడి ఇరవై పైచిలుకు పల్లెలకు చేరింది. గ్రీకులో మస్తగీనే మస్తిహా అంటారు, అందుకే వాటిని కలిపి మస్తిహా పల్లెలంటారు. వాటిలో పాత రూపం బాగా నిలిచిన ఊరు మెస్తా.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఖియోస్ తూర్పు ఏజియన్ సముద్రంలో ఉంటుంది. విస్తీర్ణం 842 చదరపు కిలోమీటర్లు. తూర్పు తీరంలో నిలబడితే ఎదురుగా టర్కీ కొండలు కనిపిస్తాయి. ఏథెన్సు నుంచి విమానంలో గంట కూడా పట్టదు. పిరేయస్ రేవు నుంచి రాత్రంతా ప్రయాణించే ఓడలూ ఉన్నాయి. దీవి ముఖ్య పట్టణం తూర్పు తీరంలో ఉంది. అక్కడి నుంచి మెస్తా నైరుతి దిక్కుగా 35 కిలోమీటర్లు. బస్సులు తక్కువ, కారు అద్దెకు తీసుకోవడం మేలు. పట్టణం దాటగానే ఎత్తైన ప్రహరీల వెనక నారింజ, నిమ్మ తోటలు వస్తాయి. ఆ తర్వాత రాళ్ల గుట్టలు, ఆలివ్ చెట్లు. దక్షిణానికి దిగుతుంటే రోడ్డుకు రెండు పక్కలా మనిషికి కొంచెం పైగా ఎత్తున్న, మెలికలు తిరిగిన ముదురాకుపచ్చ చెట్లు మొదలవుతాయి. ఎవరూ చెప్పకపోతే వాటిని చూడకుండానే దాటిపోతాం. చాలామంది అలాగే దాటిపోయి, నేరుగా ఊళ్లోకి వెళ్లి, గోడలు ఫొటో తీసుకుని గంటలో తిరిగి వెళ్లిపోతారు. నాకు బాధ అనిపించేది అక్కడే. ఆ గోడలు ఎందుకున్నాయో చెప్పేది ఆ చెట్టే.

ముందు గోడల సంగతి చూద్దాం. మెస్తాను పైనుంచి చూస్తే ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు. ఊరి అంచున ఉన్న ఇళ్ల వెనక గోడలన్నీ కలిసి ఒకే గోడ. అదే కోట గోడ. వేరే కోట లేదు. పాతకాలంలో ఆ వైపు కిటికీలు, తలుపులు ఉండేవి కావు. లోపలికి రావడానికి కొన్ని ద్వారాలే. వాటిని రాత్రి పూట మూసేసేవారు. లోపల వీధులు ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తిగిలాల్సినంత ఇరుకు. చాలాచోట్ల వీధి పైన రాతి కమాను, కమాను పైన ఎవరిదో ఒక గది. భూకంపం వస్తే ఎదురెదురు గోడలు ఒకదానికొకటి ఆసరాగా నిలవడానికి కూడా ఆ కమానులు పనికొస్తాయి. కొన్ని వీధులు మలుపు తిరిగి గోడ దగ్గర ఆగిపోతాయి. కొత్తవాడు దారి తప్పాలి, ఊరివాడు తప్పకూడదు. ఇళ్లలో కింది అంతస్తు పశువులకు, ధాన్యానికి. మనుషులు పై అంతస్తులో ఉండేవారు. మిద్దెలు అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. శత్రువు ద్వారం పగలగొట్టి లోపలికొస్తే జనం వీధిలోకి దిగకుండా మిద్దెల మీదుగానే నడిచి ఊరి నడుమ ఉన్న బురుజులోకి చేరుకునేవారు. ఆ బురుజు ఇప్పుడు లేదు. 19వ శతాబ్దంలో దాన్ని తీసేసి, ఆ చోటే ప్రధాన దేవదూత పేరున పెద్ద చర్చి కట్టారు. దాని ముందున్నదే ఊరి కూడలి. నాలుగు కుర్చీల కాఫీ కొట్లు, అంజూర పళ్లతో కాచే సూమా అనే సారా, సాయంత్రం పూట పెద్దల కబుర్లు అన్నీ అక్కడే.

ఇంత భయంగా ఎవరైనా ఊరు కడతారా? కట్టారు. 1346లో ఇటలీలోని జెనోవా వర్తకులు ఈ దీవిని పట్టుకున్నారు. మావోనా అనే వర్తక సంఘం, అందులో జుస్తినియాని కుటుంబం, 1566 దాకా దీవిని నడిపింది. వాళ్లకు కావలసింది దీవి కాదు, మస్తిహా. యూరప్ మందుల కొట్లకు, ఈజిప్టుకు, సిరియాకు అది వాళ్ల చేతుల మీదుగానే వెళ్లేది. సరుకు తక్కువ, ధర వాళ్లు చెప్పినంత. కొలంబస్ 1493లో తన మొదటి యాత్ర గురించి రాసిన ఉత్తరంలో కూడా ఈ మాట ఉంది. కొత్త దీవుల్లో మస్తిహా దొరుకుతుందని ఆశపెడుతూ, ఇప్పటిదాకా అది ఖియోస్‌లో మాత్రమే ఉంది, జెనోవా ప్రభుత్వం తనకు నచ్చిన ధరకు అమ్ముకుంటోంది అని రాశాడు. ఆయన జెనోవావాడే కదా, ఆ లెక్క బాగా తెలుసు. అటువంటి సరుకు కోసం సముద్రపు దొంగలు రాకుండా ఉంటారా? అందుకే పల్లెలను తీరానికి దూరంగా, ఓడ మీద నుంచి కనబడని పల్లాల్లో, గోడల మధ్య కుదించి కట్టించారు. అయితే ఒక మాట మరచిపోకూడదు. గోడలు దొంగను బయట ఉంచడానికే కాదు, రైతును లోపల ఉంచడానికి కూడా. పంట కాలంలో బంక బయటికి పోకుండా కాపలా ఉండేది. దొంగిలిస్తే ఎంత బరువు దొంగిలించారో చూసి, చెవి, ముక్కు కోసే శిక్షలు కూడా ఉండేవి. ఇప్పుడు మనం ఎంత అందంగా ఉందో అంటూ నడిచే ఆ కమానుల కింద కొన్ని తరాల మనుషులు తమ చెట్టు పాలు తాము అమ్ముకోలేక బతికారు.

ఇక తోటలోకి వెళ్దాం. నేను చెప్పదలచుకున్నది అసలు అక్కడే ఉంది.

ఆ చెట్టును అక్కడివాళ్లు స్హీనోస్ అంటారు. పిస్తా చెట్టు జాతిదే. ఇదే చెట్టు మధ్యధరా తీరమంతా పొదలుగా పెరుగుతుంది. కానీ గట్టిపడి రాలే బంకను వ్యాపారానికి సరిపడా ఇచ్చేది ఖియోస్ దక్షిణాన పెంచే రకమే. 3వ శతాబ్దంలో ఇసిడోర్ అనే సైనికుణ్ని క్రైస్తవుడైనందుకు హింసించి చంపితే చెట్లు ఏడ్చాయని, ఆ కన్నీళ్లే ఈ బంక అని దీవిలో కథ ఉంది. అక్కడి రైతులు బంక చుక్కలను ఇప్పటికీ కన్నీళ్లనే పిలుస్తారు.

కొమ్మ నాటి పెంచుతారు. అయిదారేళ్లు ఓపిక పట్టాలి, అప్పటికి గానీ చెట్టు ఏమీ ఇవ్వదు. నిండు దిగుబడికి పన్నెండు, పదిహేనేళ్లు. అంత చేసినా చాలా చెట్లు ఏడాదికి పావు కిలో కూడా ఇవ్వవు. ఆ పావు కిలో కోసం జరిగే పని చూడండి. జూన్‌లో చెట్టు కింద గడ్డి పీకి, నేల చదును చేసి, ఊడ్చి, జల్లించిన తెల్లమట్టి పరుస్తారు. అది సున్నపు మట్టి. చుక్క దాని మీద పడితే శుభ్రంగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. తెల్లమట్టి పరిచిన తోట తెల్లవారుజామున చూస్తే ప్రతి చెట్టు కిందా ముగ్గు వేయడానికి అలికి ఉంచిన వాకిలిలా ఉంటుంది. జూలైలో గాట్లు మొదలవుతాయి. సన్నని మొనగల ఇనుప పనిముట్టుతో బెరడు మీద చిన్న గాటు. మొదలు దగ్గర ప్రారంభించి వారాలు గడిచేకొద్దీ పైకి, లావు కొమ్మల మీదికి వెళ్తారు. వారానికి ఒకటి రెండు సార్లు, అయిదారు వారాల పాటు. చిన్న చెట్టుకు తక్కువ గాట్లు, పెద్ద చెట్టుకు ఎక్కువ. లోతు ఎక్కువైతే చెట్టు దెబ్బతింటుంది, తక్కువైతే బంక రాదు. గాటు నుంచి మెల్లగా బయటికొచ్చిన చుక్క కొంత బెరడు మీదే నిలుస్తుంది, కొంత కింద తెల్లమట్టి మీద పడుతుంది. గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో వాన పడిందా, పంట పోయినట్టే. ఆగస్టులో మొదటి ఏరివేత, తర్వాత మళ్లీ గాట్లు, సెప్టెంబరులో మళ్లీ ఏరడం.

నేను బస చేసిన ఇంటావిడ బంధువుల తోటకు ఒక తెల్లవారుజామున తీసుకెళ్లింది. ఎండ ఎక్కకముందే పని ముగించాలి కనుక ఇంకా చీకటిగా ఉండగానే బయల్దేరాం. భార్యాభర్తలిద్దరూ అరవై దాటినవాళ్లు. చెట్లు పొట్టివి కదా, నిలబడి చేసే పని కాదు. మోకాళ్ల మీద కూర్చోవాలి, ఒక్కోసారి కొమ్మల కిందికి పాకాలి. ఆయన బెరడు మీద వేలితో తడిమి, పాత గాట్ల మచ్చలు దాటి కొత్త చోటు వెతుక్కునేవాడు. ఆమె చుక్కలను ఒక్కొక్కటే ఏరి, పెద్దవి ఒక బుట్టలో, చిన్నవి ఒక బుట్టలో వేసేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మొత్తం గుప్పెడు సరుకు పోగవడానికి ఎంతసేపు పట్టిందో చూశాక, పాతబస్తీ దుకాణంలో గ్రాముకు అంత ధర ఎందుకో నాకు అర్థమైంది.

ఆయనకు నేను మన తపసి బంక గురించి చెప్పాను. మన్యంలో, నల్లమల వైపు కొండల మీద తెల్లటి బెరడుతో నిలబడే తపసి చెట్టును మీలో కొందరు చూసే ఉంటారు. దాని బంకను గిరిజనులు సేకరిస్తారు. అది కూడా గాటుతో వచ్చేదే, అది కూడా ఎండాకాలపు పనే. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికి తీసేవారు. చాలా చెట్లు చచ్చిపోయాయి. ఆ తర్వాత చిన్న పనిముట్టుతో, పైపైన, చెట్టు మళ్లీ బెరడు కట్టుకునేలా గీయడం శిక్షణ ఇచ్చి నేర్పించారు. ఇంటావిడ అనువాదం చేస్తుంటే ఆయన శ్రద్ధగా విని, ఒకే ప్రశ్న అడిగారు: ఆ చెట్లు ఎవరివి? అడవివి, అన్నాను. ఆయనకు ఆ జవాబు సరిపోలేదని ముఖం చూస్తే తెలిసింది. మెస్తాలో ప్రతి చెట్టుకూ ఒక ఇంటి పేరు ఉంది. తాత నాటింది, మామగారు కట్నంగా ఇచ్చింది అని చెప్పుకుంటారు. తరతరాలుగా గాటు ఎక్కడ పెట్టాలో అంత జాగ్రత్త పడటానికి అదే పెద్ద కారణం అని నా నమ్మకం.

ఊరి కథ మళ్లీ అందుకుంటాను. 1566లో దీవి ఒట్టోమన్ తుర్కుల చేతికి వచ్చింది. ఆ సుల్తానులు కూడా మస్తిహాను వదులుకోలేదు. ఈ పల్లెల పన్ను బంక రూపంలోనే కట్టాలి. అంతఃపురంలో నమలడానికి, సువాసనకు, మందులకు అది కావాలి. బదులుగా పల్లెలకు కొన్ని ప్రత్యేక హక్కులు ఇచ్చారు. 1822లో గ్రీకుల స్వాతంత్ర్య పోరాటం సమయంలో ఖియోస్‌లో ఘోరమైన ఊచకోత జరిగింది. వేలమందిని చంపారు, ఇంకా వేలమందిని బానిసలుగా అమ్మేశారు. దీవి మధ్యలో అనావతోస్ అనే ఊరు ఆ దెబ్బకు మళ్లీ కోలుకోలేదు, ఇప్పటికీ కొండ మీద ఖాళీ గోడలుగా ఉంది. మస్తిహా పల్లెలు మాత్రం చాలావరకు బతికి బయటపడ్డాయి. బంక తీసే చేతులు కావాలి కాబట్టి. అంత చిన్న చెట్టు ఒక ఊరిని బందీ చేసింది, అదే ఆ ఊరి ప్రాణాలు కాపాడింది కూడా. 1912లో దీవి గ్రీసులో కలిసింది.

కానీ రైతు కష్టం అప్పటితో తీరలేదు. సుల్తాను పోయాడు, దళారి వచ్చాడు. ధర పడిపోతే వచ్చినంతకు అమ్ముకోవలసిందే. 1938లో రైతులందరినీ కలిపి చట్టం ద్వారా మస్తిహా రైతుల సంఘం ఏర్పడింది. అప్పటి నుంచి ప్రతి రైతూ సరుకు తన ఊరి సహకార సంఘానికి ఇస్తాడు. అన్నీ కలిపి అమ్మేది పెద్ద సంఘం. మనకు గిరిజన సహకార సంస్థ 1956లో వచ్చింది, ఉద్దేశం అలాంటిదే. మెస్తాలో నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడి సంఘం సరుకు కొని ఊరుకోలేదు. నమిలే గమ్, నూనె, సబ్బులు, మిఠాయిలు తనే తయారు చేయించి తన పేరుతో అమ్ముతోంది. 1997లో యూరోపియన్ యూనియన్ నుంచి ప్రాంతపు పేరు మీద రక్షణ తెచ్చుకుంది. 2014లో యునెస్కో ఈ సాగు పరిజ్ఞానాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2015లో యూరప్ మందుల సంస్థ అజీర్తికి, చిన్న చిన్న చర్మ సమస్యలకు సంప్రదాయ మూలికా మందుగా దీన్ని గుర్తించింది. మన హకీములు ఎప్పటి నుంచో రాస్తున్నది అదే.

శరదృతువు వచ్చాక పని ఇళ్లలోకి మారుతుంది. జల్లించడం, చన్నీళ్లలో సబ్బుతో కడగడం, ఆరబెట్టడం, ఆ తర్వాత ఒక్కో పలుకునూ చిన్న కత్తి మొనతో గీకి మట్టి, బెరడు తీయడం. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. ఇరుగుపొరుగు ఒక ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుంటారు. ఇంటావిడ తన చిన్నతనంలో పెళ్లి సంబంధాలు, ఆస్తి తగాదాలు, అమెరికా వెళ్లినవాళ్ల ఉత్తరాలు అన్నీ ఆ బల్ల దగ్గరే తేలేవని చెప్పింది. వీధిలో నడిచేవాడికి ఊరు నిద్రపోతున్నట్టు ఉంటుంది. తలుపు వెనక మాత్రం పని ఆగదు.

మెస్తా నిశ్శబ్దం గురించి టూరిస్టులు చాలా ఇష్టంగా రాస్తారు. ఆ నిశ్శబ్దంలో కొంత మధ్యాహ్నపు నిద్రది. తెల్లవారకముందే లేచినవాళ్లు రెండింటి నుంచి అయిదింటి దాకా పడుకోవద్దా? ఇంకొంత వలస వల్ల వచ్చింది. పిల్లలు ఏథెన్సుకు, అమెరికాకు వెళ్లిపోయారు. చలికాలంలో ఎన్నో తలుపులు మూసే ఉంటాయి. 2010 తర్వాత గ్రీసు ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయిన కొందరు యువకులు మళ్లీ తాతల తోటలకు వచ్చారు. అది మంచి వార్త. 2012 ఆగస్టులో పెద్ద కార్చిచ్చు దక్షిణాన తోటలను తగలబెట్టింది. అది చాలా చెడ్డ వార్త. ఒక చెట్టు కాలిందంటే ఆ ఇంటికి పన్నెండేళ్ల ఆదాయం వెనక్కి వెళ్లినట్టు. తోటల మధ్య నడిచేటప్పుడు దయచేసి ఎవరూ సిగరెట్ ముట్టించకండి. ఇది నా విన్నపం.

దగ్గర్లో ఇంకో రెండు ఊళ్లున్నాయి. ఒలింపి చిన్నది. పిర్గి పెద్దది, సందడి ఎక్కువ. అక్కడ ఇళ్ల గోడల మీద ముదురు రంగు గచ్చు పూసి, పైన సున్నం వేసి, తడిగా ఉండగానే గీకి త్రికోణాలు, చక్రాలు దిద్దుతారు. ఊరంతా నలుపు తెలుపు ముగ్గులే. బాల్కనీలకు చిన్న టమాటాలు దండలు కట్టి వేలాడదీస్తారు. పిర్గి దగ్గర 2016లో తెరిచిన మస్తిహా మ్యూజియం ఉంది. తోటకు తీసుకెళ్లేవాళ్లు దొరకకపోతే ముందు అక్కడికి వెళ్లండి. పనిముట్లు, పని పద్ధతి అన్నీ బాగా చూపిస్తారు.

ఇక మీ ప్రశ్నలు.

ఎప్పుడు వెళ్లాలని అడుగుతున్నారు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో. పని చూడొచ్చు, ఎండ కొంచెం తగ్గుతుంది. ఆగస్టు 15 మాత్రం మేరీమాత పండుగ. వలస వెళ్లినవాళ్లందరూ ఇంటికొస్తారు. రాత్రంతా పాటలు, నాట్యాలు. ప్రశాంతత కావాలంటే ఆ వారం వద్దు, మనుషులు కావాలంటే ఆ వారమే వెళ్లండి. బస ఊరి గోడల లోపలే చూసుకోండి. పాడుబడుతున్న పాత ఇళ్లను ప్రభుత్వ పర్యాటక సంస్థ బాగుచేయించి బసగా మార్చడం అక్కడ ఎప్పుడో మొదలైంది.

శాకాహారుల సంగతి. భయం లేదండి. గ్రీకు చర్చిలో ఉపవాస రోజులు ఎక్కువ, మాంసం లేని వంటలు చాలా ఉన్నాయి. బెండకాయను టమాటా, ఆలివ్ నూనెలో ఉడికిస్తారు. శనగలు, చిక్కుళ్లు, వంకాయ ఉంటాయి. నిస్తీసిమో అని అడిగితే ఉపవాసపు వంట అని వాళ్లకు తెలుస్తుంది. అయితే అందులో రొయ్యలు, చేపజాతి కాని సముద్రపు జీవులు పడొచ్చు, ముందే అడగండి.

ఆ చెట్టును మన దగ్గర పెంచలేమా? మంచి ప్రశ్న. చెట్టు బతకొచ్చు. కానీ వాళ్ల గాట్ల కాలం జూలై, ఆగస్టు, సెప్టెంబరు. అక్కడ ఆ మూడు నెలలూ వాన చాలా అరుదు. మనకు అవే వానలు.

చివరి ప్రశ్న ఆ అమ్మాయిది: కొనుక్కొస్తే ఇంట్లో ఎలా వాడాలి? రైతుల సంఘం దుకాణంలోనే కొనండి, ధర ఎక్కువ కనుక బయట కల్తీ ఉంది. ఒక పలుకు నోట్లో వేసుకుంటే ముందు పొడిపొడిగా విరిగి కాస్త చేదు తగలాలి, నమిలేకొద్దీ తెల్లటి ముద్ద కావాలి. వంటకు వాడాలంటే ఫ్రీజర్‌లో కాసేపు ఉంచి, చెంచా చక్కెర కలిపి దంచండి, లేకపోతే రోలుకు అతుక్కుని వదలదు. పాయసంలోనో, ఐస్‌క్రీమ్ పాలలోనో, నలుగురికి ఒకటి రెండు పలుకులు చాలు. అంతకు మించి వేస్తే చేదొస్తుంది.